బండల లెక్కలో ఒక దిద్దుబాటు

ఈ దసరాకు ప్రొద్దుటూరు పోయినప్పుడు, ఊరు ఊరంతా అమ్మవారి అలంకారాలు చూడ్డానికి వీధుల్లోకి వచ్చి ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటుంటే, మా చిన్నమ్మ నన్ను నిచ్చెన వేసి అటక ఎక్కించింది. అరవై దాటినవాణ్ణి నిచ్చెన ఎక్కించడం మా ఇంట్లో ఆప్యాయత కిందికే వస్తుంది. పాత దుప్పటి చుట్టిపెట్టిన చిన్నాయన కంప్యూటరును కిందికి దించి తుడిస్తే, ఆమె కత్తిపీటకు, కుట్టుమిషనుకు పెట్టినట్టే దానికీ పసుపూ కుంకుమా పెట్టి, ముందర ఒక నిమ్మకాయ ఉంచి చేతులు జోడించింది. ఆ కుంకుమబొట్టును నేను మామూలుగా చూడలేను. ఎందుకో చెప్పాలంటే మన కాలానికి పోవాలి.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి పోయే రోజులవి. యంత్రానికి దుమ్ము పడదని ఎవరో చెప్పారు, మనం నమ్మాము. గుడిలో లేని శుభ్రత ఆ గదిలో ఉండేది. నేను జమ్మలమడుగులో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలకూ నాకూ మధ్య ఒక పాఠం తేడా ఉండేది, అదైనా బస్సులో చదువుకొని పోతేనే. మా చిన్నాయన ప్రొద్దుటూరులో గణితం లెక్చరరు. ఆయనకూ మిగిలినవాళ్ళకూ మధ్య ఎన్ని పాఠాల తేడా ఉందో కొలిచినవాళ్ళు లేరు, కొలవాలని ఎవరికీ తోచనూ లేదు.

ఆయన లెక్క మన నేలలోంచే పుట్టింది. మన ఇళ్ళలో బండలు పరిచే మేస్త్రీలకు ఒక పట్టింపు ఉంది కదా, నాలుగు బండల మూలలు ఒకేచోట కలవకూడదని. ఆ పట్టింపు తప్పకుండా, నిడివి వెడల్పుకు రెండింతలుండే బండలతో ఒక గదిని ఎన్ని విధాలుగా పరచవచ్చు అన్నది ఆయన ప్రశ్న. చదరపు గదులతో ఆగివుంటే బాగుండేది. ఆయన వంకర గదుల మీద పడ్డాడు. మూల విరిగినవి, మధ్యలో స్తంభమున్నవి, మెట్లలాగా దిగేవి, ఏ మనిషీ కట్టుకోని, ఏ మనిషీ కాపురముండని గదులు వేలకు వేలు గీసి, ఒక్కొక్కదానికి లెక్క కట్టి ఒక పట్టిక చేయాలన్నది ఆయన సంకల్పం. సొంత ఇంట్లో వంటింటి బండలు లేచిపోయి చిన్నమ్మ తట్టుకొని పడుతున్న సంగతి ఆ పట్టికలోకి రాలేదు.

కంప్యూటరు కొన్నాడు. ప్రోగ్రాము నేను రాసిచ్చాను, ఆయన దిద్దాడు, దిద్దిన తరువాత అందులో నాది మిగిలింది తక్కువే. ఒక్కో గదికి కొన్ని రోజులు, పెద్ద గదికి వారాలు, యంత్రం ఆగకుండా నడవాలి. మన కరెంటు సంగతి తెలుసు కాబట్టి, ఎంతవరకు లెక్కపెట్టిందో అది అప్పుడప్పుడు డిస్కులో రాసుకునేటట్టు చేశాము. కరెంటు పోయి బ్యాటరీ పెట్టె కూయడం మొదలుపెట్టగానే, ఎవరో ఒకరు పోయి ‘చాలు’ అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టాలి. అప్పుడది ఈ గది ఇంకా పూర్తికాలేదని గుర్తు పెట్టుకొని మర్యాదగా పడుకుంటుంది. కరెంటు వచ్చాక తనంతట తానే లేచి అక్కడినుంచి అందుకుంటుంది. ఆ ఒక్క మాట కొట్టడం చిన్నమ్మకు కూడా నేర్పించాడు. ఆమె ఎన్నిసార్లు చేతికి అంటిన పిండితో వచ్చి ఆ మాట కొట్టిందో, ఆ అయిదు అక్షరాల మీద పిండి ఎప్పుడూ ఎండి ఉండేది.

ఇప్పుడు మా మనవరాలు చెబుతుంది, ఏ సమాచారమైనా మూడుచోట్ల దాచాలట, అందులో ఒకటి దూరంగా ఉండాలట. మా చిన్నాయన దాన్ని ఎర్రబస్సులో అమలు చేశాడు. ఒక ప్రతి ప్రొద్దుటూరులో పాలపొడి డబ్బాలో, ఒక ప్రతి జమ్మలమడుగులో మా ఇంట్లో బియ్యపు గాదె మీద, ఇంకొకటి పులివెందులలో మా అక్క ఇంట్లో. పండగకూ పబ్బానికీ చుట్టాలింటికి పోయేవాళ్ళు అరటిపండ్లు తీసుకుపోతారు, ఈయన ఫ్లాపీలు తీసుకుపోయేవాడు, తరువాత సీడీలు. ఒకసారి పులివెందుల ప్రతి చూద్దామని పోతే కనిపించలేదు. విచారిస్తే మా బావగారు వాటిని దారానికి కట్టి, లింగాల దగ్గర జొన్నచేనులో చిలకలను బెదరగొట్టడానికి వేలాడదీశారని తెలిసింది. చిన్నాయన గట్టు మీద నిలబడి, ఎండకు తళతళమంటూ తిరుగుతున్న తన లెక్కలను చాలాసేపు చూశాడు. "చిలకలు వస్తాండాయా?" అని మాత్రం అడిగాడు. రావడం లేదని బావగారు చెప్పారు. "అయితే ఉండనీ," అన్నాడు.

ఆయన రిటైరయ్యాక, ఇట్లాంటి గణిత పట్టికలను లోకానికంతటికీ పనికివచ్చేటట్టు ఇంటర్నెట్టులో భద్రపరిచే సంస్థలు వచ్చాయని నేనే చెప్పాను. పంపిన పట్టికకు ఒక శాశ్వత సంఖ్య ఇస్తారు, దాని మీద ఎవరు పనిచేసినా మన పేరు చెప్పాలి, ఏది మార్చినా ఎందుకు మార్చామో రాయాలి, పాతది చెరపరు, కొత్తదాని పక్కన అదీ ఉంటుంది. ‘శాశ్వతం’ అన్న మాట ఆయనకు నచ్చింది. ప్రొద్దుటూరులో ఒక నెట్ సెంటరుకు పోయి ఖాతా తెరిచాము. చిన్నాయనకు సెల్‌ఫోను లేదు, ఉండకూడదన్నది నియమం. నెట్ సెంటరు అబ్బాయి, ఊరందరి హాల్‌టికెట్లకూ పింఛన్లకూ ఇచ్చినట్టే, దీనికీ తన నెంబరే ఇచ్చాడు. అందులో ఎవరికీ ఏ తప్పూ కనబడలేదు. ఊరు మొత్తానికి ఒక తలుపు, తాళంచెవి ఒకడి జేబులో, అంతే.

ఆ తరువాత కొన్నేళ్ళకు చిన్నాయన ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. వేలూరుకు తిప్పాము. తిరిగివచ్చిన వారంలోనే ఎక్కడో దూరదేశంలో చదువుకుంటున్న ఒక అమ్మాయి నుంచి ఉత్తరం వచ్చింది, నా మెయిలుకు. ఆయన పట్టికను ఆధారం చేసుకొని ఆమె ఒక సూత్రం కనుక్కుందట. అన్ని గదులకూ సరిపోతుంది, ఒక్క గదికి మాత్రం సరిపోదు. ఆ ఒక్క గదిలో ఉన్న ప్రత్యేకత ఏమిటో తెలుసుకోవడానికి ఏడాది పని చేశానని, తెలియలేదని, తన తెలివి చాలకపోవడమే కారణమై ఉంటుందని, దయచేసి చెప్పగలరా అని రాసింది. అంత వినయంగా ఎవరైనా ప్రాణం తీయడం నేను చూడలేదు.

చిన్నాయన మంచంలోనే లేచి కూర్చొని ఆ గదిని మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. వారాలు పట్టిన లెక్క, నా ల్యాప్‌టాప్‌లో చిన్నమ్మ టీ పెట్టి తెచ్చేలోపల అయిపోయింది. అమ్మాయి సూత్రమే నిజం. పట్టికలో ఉన్నది సగం లెక్క, సగంలో ఆగి, పూర్తయినట్టు నమోదైంది. ఎట్లా ఆగిందని ఆయన గోడలకు వినిపించేటట్టు ఆలోచిస్తూ, ఆ గది నడిచిన నెల చెప్పి, అది దసరా నెల అన్నాడు. టీ గ్లాసులు దించుతూ చిన్నమ్మ అందుకుంది.

"దసరాకు నేనే గదా ఆపింది. నువ్వు ఈ అబ్బోనింటికి జమ్మలమడుగు పోయింటివి. ఆయుధ పూజ దినం ఏ పనిముట్టునూ ఆడించకూడదు. దాన్ని ఒక్క పూటన్నా పండుకోనియ్యల్లని స్విచ్చి ఆపి బొట్టు పెట్టినా. నువ్వొచ్చేలోగా మళ్ళీ యేసినా."

"‘చాలు’ కొట్టలా?" అన్నాడు చిన్నాయన, మెల్లగా.

"కరెంటు పోతే కొట్టమంటివి. ఆ పొద్దు కరెంటు పోలా గదా!"

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు చెప్పింది చెప్పినట్టు చేసింది. కరెంటు ఉండగా స్విచ్చి ఆపే మనిషి ఉంటుందని ఆయన గణితంలో లేదు, నా ప్రోగ్రాములోనూ లేదు. పూర్తికాలేదన్న గుర్తు లేకపోయేసరికి, మళ్ళీ లేచిన యంత్రం డిస్కులో ఉన్న సగం లెక్కనే పూర్తి లెక్కనుకొని తరువాతి గదికి పోయింది.

"ఏమన్నా చెడిపాయనా?" అంది చిన్నమ్మ, మా ఇద్దరి మొగాలూ చూసి.

"చెడేదేముంది? మంచిపని చేసినావులే," అన్నాడు ఆయన. ఆమె తృప్తిగా వంటింట్లోకి పోయాక నా చెయ్యి పట్టుకొని, "ఆ పాప ఏడాది పాయరా. ఇంగో పాప ఏడాది పోకముందే దాన్ని దిద్దల్ల. నేనుండంగనే దిద్దల్ల," అన్నాడు. ఎంత కాలం ఉంటాడో ఇద్దరికీ సుమారుగా తెలుసు.

దిద్దాలంటే ఖాతా తెరవాలి, ఖాతా తెరవాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీ నెట్ సెంటరు నెంబరుకు పోతుంది. నెట్ సెంటరు ఉన్నచోట చెప్పుల అంగడి ఉంది. ఆ అబ్బాయి పులివెందులలో టిఫిన్ హోటలు పెట్టాడంటే పోయి పట్టుకున్నాను. ఆ నెంబరు వదిలేసి చాలాకాలమైందని చెప్పి దోసె పెట్టాడు. నెంబరుకు ఫోను చేస్తే ఒక ఆడమనిషి ఎత్తింది. ఓటీపీ అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే అందుకుంది.

"నీ మాదిరోళ్ళు దినానికి నలుగురు చేస్తాండారు. సిగ్గుల్యా? గొంతు చూస్తే పెద్దమనిషి మాదిరుండాది!"

పెట్టేసింది. మళ్ళీ చేసి, తిట్ల మధ్య సందు చూసుకొని ఊరు కనుక్కున్నాను. కొండాపురం దగ్గర, గండికోట జలాశయం నీళ్ళలో మునిగిన ఊళ్ళవాళ్ళకు కట్టిన కాలనీ. మరునాడు పొద్దున్నే పోయాను. నా నెరిసిన తలను ఎదురుగా చూశాక ఆమె కొంచెం తగ్గింది.

"ప్రొద్దుటూరోళ్ళ మెసేజీలన్నీ నాకే వస్తాండాయప్పా. ఎవురి పింఛనో, ఎవురి పిల్లోని పరీచ్చో. మీ ఊరోళ్ళకు ఫోన్లే ల్యావా? ఏందికి నీకు ఆ నెంబరు?"

ఏమని చెప్పాలి? మా చిన్నాయన చావుబతుకుల్లో ఉన్నాడని, బండలు పరిచే లెక్కలో ఒక తప్పు దిద్దాలని చెప్పాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది.

"యా ఇంటి బండలప్పా?"

"ఏ ఇంటివీ కావమ్మా. ఊరికే లెక్క."

"మా ఇంటి బండలు నీళ్ళ కింద ఉండాయి," అంది, ఎవరో పొరుగువాళ్ళ సంగతి చెప్పినట్టు. "పెరికి తెచ్చుకుందామంటే టయము ఇయ్యలా. లెక్కలో అయినా దిద్దుకోపో." ఫోను నా చేతికిచ్చింది.

నేను అక్కడినుంచి ఇంటి ఫోనుకు చేసి అంకెలు చెబుతుంటే, చిన్నాయన ప్రొద్దుటూరులో మంచంలోనుంచే, నేను పెట్టిపోయిన ల్యాప్‌టాప్‌లో కొట్టాడు. మొదటిసారి ఆయన కొట్టేలోగా గడువు దాటిపోయింది. రెండోసారికి తెరుచుకుంది. ముందుగా ఫోను నెంబరు నాది పెట్టించాను.

సాయంత్రం ఆయన పక్కన కూర్చొని కొత్త సంఖ్య ఎక్కించాను. కింద మరొక గడి వచ్చింది, ‘మార్పుకు కారణం’. అది నింపనిదే ముందుకు పోనివ్వదు. చిన్నమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని పాదాలకు నూనె రాస్తోంది. ఆయుధ పూజ అని ఇంగ్లీషులో ఎట్లా రాయాలా అని నేను ఆలోచిస్తున్నాను.

"ఏం రాయమంటాండాది అది?" అంది ఆమె.

చిన్నాయన ఆమెను చూశాడు. లెక్క రాసేటప్పుడు ఒక మెట్టు ఎగరగొట్టినా పిల్లవాడి పేపరు విసిరికొట్టిన మనిషి. "కరెంటు పోయిందని రాయి నాయనా," అన్నాడు. రాశాను.

ఆ అమ్మాయికి క్షమాపణ ఉత్తరం కూడా ఆయనే చెప్పి రాయించాడు. తరువాత మళ్ళీ వేలూరు అన్నారు డాక్టర్లు. ఆయన "చాలు" అన్నాడు. యంత్రమైతే మళ్ళీ కరెంటు రాగానే లేచేది.

ఆయన పోయాక కూడా ఆ సంస్థ నుంచి నా మెయిలుకు ఆయన పేరుమీద అభినందనలు వస్తూనే ఉన్నాయి, మీ పట్టికను ఇంతమంది దించుకున్నారని. చూస్తే ఎక్కువమంది దించుకునేది పాతదే, తప్పు ఉన్నదే. వెతికితే అదే ముందు వస్తుందట. శాశ్వతం అంటే మేము అనుకున్నదానికంటే పట్టుదల గలది.

ఇప్పుడు మా మనవరాలి లెక్కలు ఎక్కడ నడుస్తాయో ఆమెకే తెలియదు. ఏ దేశంలోనో ఏ గదిలోనో ఉంటాయి, క్షణక్షణమూ తమను తాము దాచుకుంటాయి, కరెంటు పోదు, ఎవరూ పిండిచేతులతో పరిగెత్తుకుని రావలసిన పనిలేదు. మంచిదే. కానీ బొట్టు పెడదామన్నా ఒక నుదురు లేదు. పండగపూట దాన్ని కాస్త పండుకోనిద్దామనే మనిషికి అందనంత దూరంలో ఉంది అది.

మొన్న నిమ్మకాయ పెట్టాక చిన్నమ్మ కంప్యూటరు మీద చెయ్యి వేసి, "దీనికి ఇంగ అన్ని దినాలూ పండగే," అంది. చిన్నాయన రాసినవాటిలో సత్యం కానిది ఒకే ఒక వాక్యం, దాన్ని దిద్దే ఓటీపీ ఇప్పుడు నా ఫోనుకే వస్తుంది. ఇంతవరకు నేను దాన్ని అడగలేదు. చిన్నమ్మ ఉన్నంత కాలం, ఆ పొద్దు కరెంటు పోయినట్టే.