పంచదార మట్టైన శుక్రవారం

గుడ్ ఫ్రైడే ఉదయం జ్ఞానయ్య పంచదార పలుకులు నాలుక మీద వేసుకుని చూశాడు. ఇసకలా తగిలాయి. తీపి ఏ కోశానా లేదు. అంతకుముందు నమిలిన ఆకు పనిచేస్తోందన్నమాట. తృప్తిగా ఉమ్మేశాడు.

ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు వెళ్తే వచ్చే ఊరు అతనిది. వయసు అరవై దాటింది. రోజూ చేపల చెరువుల మీద పని. సంఘంలో ఎవరైనా పోతే గొయ్యి తవ్వేదీ అతనే. అక్కడ నేల నల్లబంక. నడుములోతు దిగేసరికి నీళ్ళు ఊరతాయి, తోడిపోస్తూనే పెట్టెను దింపాలి.

కిందటేడు కాలి బొటనవేలికి పుండు పడి మానలేదు. షుగరు దిగకపోతే వేలు తీసేయాలని ఏలూరు డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి భార్య విక్టోరియా తెల్లన్నం మాన్పించి కొర్రన్నం వండింది. కాకరకాయ, మునగాకు, నానబెట్టిన మెంతులు రోజూ ఉండేవి. మాత్రలూ ఆపలేదు. పుండు ఎండింది. అక్కడితో ఆగితే సరిపోయేది. సమాధుల దొడ్డి కంచెకు అల్లుకున్న పొడపత్రి ఆకు షుగరును చంపుతుందని ఎవరో చెప్పారు.

“బాబాయ్, చచ్చినోళ్ళ ఎరువుతో పెరిగిందండీ అది. మీ షుగరు తగ్గుద్దో, వాళ్ళ షుగరే మీకొస్తుందో!” అని నవ్వాడు చర్చిలో గంట కొట్టే నెల్సన్.

జ్ఞానయ్య కూడా నవ్వి, ఇంకో ఆకు తెంపి నమిలాడు. డాక్టరుకు చెప్పలేదు. ఆకేగా, మందు కాదుగా. ఆ శుక్రవారం మూడింటి దాకా ఉపవాసం. మామూలుగానే మాత్ర వేసుకుని, ఆకులు జేబులో పోసుకుని చర్చికి వెళ్ళాడు. ఆకలి వేసినప్పుడల్లా ఒకటి నమిలాడు. ఆకేగా, అన్నం కాదుగా.

ఆరాధన మధ్యలో పాటకు అందరూ లేచి నిలబడ్డారు. అతను లేవబోయి వెనక్కి ఒరిగిపోయాడు. పాట ఎక్కడో పైనుంచి వినబడుతోంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు వంగి కిందికి చూస్తున్నారు. గొయ్యి అంచున నిలబడి చూసేది అలాగే. వీపు కింద చల్లగా నీళ్ళు ఊరుతున్నాయి. చూస్తున్నవాళ్ళలో మార్తమ్మ ఉంది. కిందటి వానాకాలంలో ఆమెకు గొయ్యి తవ్వింది తనే.

ఎవరో నోట్లో గుప్పెడు పోశారు. ఇసక.

“ఇంకా పోలేదర్రా నేను! మట్టెయ్యకండి!” అని అరిచాననుకున్నాడు. బయటికి మూలుగే వచ్చింది.

“పంచదార పెడితే ఉమ్మేస్తున్నారమ్మా,” విక్టోరియా ఏడుస్తోంది.

ఆరాధనకొచ్చిన నర్సు స్నేహలత తన సంచిలోంచి షుగరు మీటరు తీసి అతని వేలికి సూది గుచ్చింది. మీటరులో నలభై ఆరే, బాగా పడిపోయింది. నోరు తెరిచి చూస్తే నాలుక ఆకుపచ్చగా ఉంది.

“ఆకు తీపిని చంపేసిందండీ. నాలుకకి తెలీకపోయినా రక్తానికి తెలుస్తుంది. తెలివి ఉండగానే మింగించాలి, తొందరగా.”

అతను పళ్ళు బిగించాడు. విక్టోరియా పంచదార నీళ్ళ గ్లాసు అతని పెదాలకు ఆనించింది.

“ఏవండీ, మట్టైతే మట్టే అనుకోండి. పెడుతున్నది నేను. మింగండి.”

ఆమె గొంతు గుర్తుపట్టి మింగాడు.

సాయంత్రం ఏలూరులో డాక్టరు మాత్ర సగం చేశారు. కాకరకాయా కొర్రన్నమూ ఉంచుకోమన్నారు. చెప్పకుండా ఏ ఆకూ నమలొద్దన్నారు, మాత్రలతో ఉపవాసం అసలే వద్దన్నారు.

శనివారం, ఈస్టర్ కోసం సమాధులకు సున్నం వేయడానికి అందరితోపాటు అతనూ వెళ్ళాడు. ముందు పొడపత్రి తీగను మొదలంటా కోసేశాడు. మార్తమ్మ సమాధి మీద గుప్పెడు మట్టి తీసినంత గుంట ఉంది.

“కుక్కలు తవ్వుంటాయి బాబాయ్,” అన్నాడు నెల్సన్. ఈసారి నవ్వలేదు.

జ్ఞానయ్య గుంట పూడ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని ఇంటికొచ్చి కొర్రన్నం తిన్నాడు. తిన్న రెండు గంటలకు మీటరు నూట నలభై ఎనిమిది చూపించింది.