ఆమె పలకని పేరు

పంచాయతీ ఎన్నికలకు నన్ను ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. బడిపంతుల్ని, అదే మొదటిసారి. చిత్తూరు దగ్గర ఆ పల్లెలో అంతకుముందు దొంగ ఓట్ల మీద తలలు పగిలాయట. అందుకే ముందురోజు ఊరి పెద్దమనుషులనూ, పొదుపు సంఘం నాయకురాలినీ బడి వరండాలో కూర్చోబెట్టి ఓటర్ల జాబితా అంతా చదివి వినిపించాను. "ఎవురు ఎవురో మేం సెప్తాం, మీరు నిమ్మళంగా ఉండండి సార్" అన్నారు. నమ్మాను.

మరునాడు ఒంటిగంటకు ఓటింగ్ ఆపాలి. ఇంకో పావుగంట ఉందనగా నలభై దాటిన ఒకావిడ చీటీ చూపించింది. సర్పంచ్ అభ్యర్థి తరఫు ఏజెంటు దిగ్గున లేచాడు.

"దొంగ ఓటు సార్! ఆ పేరుగల మనిషి ఈమె కాదు."

"నీ భర్త పేరు చెప్పమ్మా" అన్నాను.

ఆమె తల దించుకుంది. ఆ పక్క ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. నాకు తెలియనిదా? మా అమ్మ ఏనాడూ పలకలేదు. అయినా అధికారం నెత్తికెక్కింది కదా, గొంతు పెంచాను. "చెప్పకపోతే ఓటు లేదు!"

ఓటర్లను గుర్తుపట్టేందుకు తలుపు దగ్గర కూర్చోబెట్టిన పెద్దమనుషుల వైపు చూశాను. ఒకాయన పైకప్పు చూస్తున్నాడు. ఇంకొకాయన కండువా దులుపుకుంటున్నాడు. గెలిచేది ఆ ఏజెంటు మనిషేనని అందరికీ భయం. సంఘం నాయకురాలు నోరు తెరవబోయి, ఏజెంటు కళ్ళెర్రజేసేసరికి ఆగిపోయింది. ఓరి దేవుడా, నిన్నటి మాటలన్నీ ఏమైనట్టు? బయట వరుసలో తోపులాట మొదలైంది. కానిస్టేబులు లాఠీ అందుకున్నాడు. ఓటు లేదని రాసి ఆమెను పంపించేద్దామని కలం తీశాను.

అప్పుడామె ఏజెంటు వైపు తిరిగింది.

"ఏమబ్బా, నేను మీ ఇంటికొచ్చినప్పుడు నీకు ఆరేండ్లు. నా సేత్తో ముద్దలు తిన్నావే! భూమి పంచుకున్నాక వదినెవురో మరిసిపోయినావా? నేనైతే పలకకూడదు. మీ అన్న పేరు నువ్వే సెప్పు సార్‌కు."

ఏజెంటు ముఖం మాడిపోయింది. చివరికి నేల చూస్తూ అన్న పేరు చెప్పాడు. జాబితాలో ఉన్నది అదే.

ఆమె వేలికి సిరా పెట్టించాను.

"ఇనబడిందా సార్?" అంది, నా కళ్ళలోకి చూస్తూ.

తల ఊపాను. ఆ కుర్చీలో కూర్చుని మా అమ్మనైనా అలాగే గద్దించి పంపేసేవాణ్ణేమో అనుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.