ఓడెక్కిన నిక్కరు

గుడియాత్తం సుబ్బరాయులు మేస్త్రి నిక్కరు విడిచి లుంగీ కట్టిన రోజున, ఇక తాను పెద్దవాణ్ణయ్యానని అనుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళయింది, మేస్త్రి అయ్యాడు, వేలూరు బాగాయంలో మేడలు కట్టాడు, నెత్తిన సగం వెంట్రుకలు పోయాయి. ఇన్నీ అయ్యాక, యాభై దాటిన వయసులో, సిమెంటు కంపెనీ పుణ్యమా అని మళ్ళీ నిక్కరు తొడగాల్సి వచ్చింది.

తమ సిమెంటు ఎక్కువగా వాడిన మేస్త్రీలను చెన్నై నుంచి ఓడలో సముద్రం మీద తిప్పి తీసుకొస్తామని కంపెనీవాళ్ళు చెప్పి, ఫోనుకు ఒక సందేశం పంపారు. సుబ్బరాయులు ఏ భాషలోనైనా గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు గానీ చదవడం మాత్రం అంతంత మాత్రమే. కూతురు మోనిష చదివి చెప్పింది.

"పగలు ఓడ పైన తిరిగేటప్పుడు టవుజరు, అదే నిక్కరు, టీ షర్టు, రబ్బరు చెప్పులు వేసుకోవాలంట నాయనా. రాత్రి భోజనానికి ప్యాంటు, బూట్లు. లుంగీ మాత్రం కూడదంట."

"లుంగీ కూడదా? గుడియాత్తమోడికా ఆ మాట చెప్పేది?"

ఊళ్ళో మగ్గాల మీద నేసిన లుంగీలు సముద్రాలు దాటి పోతాయి. ఆ ఊరివాడు మాత్రం సముద్రం మీద లుంగీ కట్టకూడదు. ఇదేం న్యాయమని భార్య అమ్మణి వైపు చూశాడు.

"లుంగీతో పోతే గాలికి అది సింగపూరు చేరతాది, నువ్వు ఓడలోనే ఉంటావు. పిల్ల చెప్పినట్టు ఇను," అంది అమ్మణి.

వేలూరు లాంగ్ బజారులో మోనిష ఎంచిన నిక్కరు నిండా కొబ్బరిచెట్లు, చిలకలు. ఇంట్లో అద్దం ముందు తొడిగి చూసుకున్నాడు. ఎండకు కమిలిన మొహం, చేతులు ఒకరివి. లుంగీ చాటున పెరిగిన పాలిపోయిన కాళ్ళు ఇంకొకరివి. కాకికి కొంగ కాళ్ళు అతికించినట్టున్నానే అని తనే ముందు నవ్వేశాడు. తను నవ్వకపోతే అమ్మణి నవ్వుతుంది, ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

అంత సిగ్గులోనూ ప్రయాణం కట్టాడంటే, అది సముద్రం చూడాలని కాదు. చిన్నమణి మామ కూడా వస్తున్నాడని తెలిసింది. మామ అంటే తల్లికి తమ్ముడు, తాపీ చేతికిచ్చి పని నేర్పినవాడు. కొన్నేళ్ళ కిందట ఒక గృహప్రవేశంలో ఇంటాయన కొత్తబట్టలు ముందు సుబ్బరాయులుకు పెట్టి, పక్కనే నిలబడ్డ మామకు తర్వాత పెట్టాడు. మామ ఆ బట్టలు అక్కడే అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మేనల్లుడితో మాట లేదు. తప్పు ఇంటాయనది, నేనెందుకు పోయి బతిమాలాలని సుబ్బరాయులు కూడా బిగుసుకున్నాడు. ఆ బిగువు ఎంతోకాలం నిలవలేదు. మామ వచ్చి గోడ తట్టి చూడని ఇల్లు అతనికి కట్టినట్టే అనిపించదు. కానీ బిగుసుకున్నవాడికి వదులయ్యే దారి దొరకాలి గదా. గుడియాత్తంలో ఎదురుపడితే మామ సందు తిరిగిపోతాడు, జోలార్పేట స్టేషనులో కనిపిస్తే ఏదో ఒక రైలెక్కేస్తాడు. ఓడలో అయితే ఎక్కడికి పోతాడు, చుట్టూ నీళ్ళే అని సుబ్బరాయులు లెక్క వేసుకున్నాడు.

లెక్క బాగానే ఉంది. అందులో నిక్కరును కలుపుకోవడం మరిచాడంతే.

చెన్నైలో ఎక్కిన మర్నాటి ఉదయానికి ఓడ నడిసముద్రంలో ఉంది. పై అంతస్తుకు వచ్చి చూస్తే మేస్త్రీలందరూ నిక్కర్లలో ఉన్నారు. ఒడ్డున తెల్లచొక్కాలు వేసుకుని కూలీలను గదమాయించే పెద్దమనుషులు ఇక్కడ బడి ఎగ్గొట్టిన పిల్లల్లాగా గోడ వారన, ఒకరి కాళ్ళు ఒకరు చూడకుండా నడుస్తున్నారు. సుబ్బరాయులు చిలకలకు చేతులు అడ్డం పెట్టుకుని వాళ్ళలో కలిశాడు.

దూరంగా కమ్మీల దగ్గర మామ కనిపించాడు. డెబ్బై దాటిన మనిషి, బూడిదరంగు నిక్కరు, ఒక చెయ్యి నడుము మీద. ఇంకా కోపంగానే ఉన్నాడనుకున్నాడు సుబ్బరాయులు. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలతో రెండడుగులు వేసి, తన నిక్కరు చూసుకుని ఆగాడు. పెద్దవాళ్ళ ముందుకు పోయేటప్పుడు ఎగ్గట్టిన లుంగీ మడత దించుకోవాలి. ఆ దించడంలోనే సగం మాట అయిపోతుంది, మిగతా సగం నోరు చూసుకుంటుంది. ఇక్కడ దించడానికి మడత ఏది? మోకాళ్ళు చూపిస్తూ ఏ మొహం పెట్టుకుని పోవాలి? ఇన్నేళ్ళ తన మర్యాదంతా రెండు మూరల గుడ్డలోనే ఉందన్నమాట. ఐస్‌క్రీం ఇచ్చేచోట చాటుకు తప్పుకున్నాడు. ఎలాగూ నిలబడ్డాను గదా అని ఒకటి తిన్నాడు. సిగ్గుపడేవాడికి తిండి ఎలా దిగుతుందిరా అని తనను తానే తిట్టుకుంటూ ఇంకొకటి తీసుకున్నాడు.

ఆ రెండోది చేతిలో ఉండగానే మామ మలుపు తిరిగి సరిగ్గా ఎదురుగా వచ్చాడు.

సుబ్బరాయులు బుర్ర పనిచేయలేదు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. తొడ దగ్గరికి పోయి, లేని మడతను వెతికి, దొరికిన గుడ్డను పట్టుకుని మర్యాదగా కిందికి లాగింది. సాగే పట్టీ నిక్కరు, చిలకలతో సహా దిగింది. లోపలి చారల డ్రాయరు సముద్రపు గాలికి బయటపడింది.

మామ ఆ చేతిని చూశాడు. తర్వాత మేనల్లుడి మొహం చూశాడు.

"దించింది చాల్లేరా," అన్నాడు. "పైకి లాక్కో."

సుబ్బరాయులు లాక్కున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఐస్‌క్రీం మోచేతిదాకా కారింది. "మామా, ఆ పొద్దు..." అని మొదలుపెట్టాడు.

"అదంతా అప్పురం మాట్లాడుకుందాం. ముందు ఇది చూడు. ఈ టవుజరు నాడా ముడి నిలవడంలా. పొద్దుట్నుంచి ఒక చేత్తో పట్టుకోని తిరగతా ఉండా. ఇంతమందిలో ఎవురికని చెప్పేది?"

ఈ మనిషి అడగడానికి ఇన్నేళ్ళూ తాను దగ్గర లేకపోయానే అని సుబ్బరాయులుకు గుండె పిండినట్టయింది. ఐస్‌క్రీం పక్కన పెట్టి, చేతులు చిలకలకు తుడుచుకుని, మామ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోడకు సారువ కట్టేటప్పుడు, పనివాళ్ళు ఎక్కి నిలబడే ఆ కొయ్యలు కదలకుండా వేసే ముడి వేసి, రెండు చేతులా బిగించాడు.

మామ కిందికి వంగి చూశాడు. "ఇంత బిగించితే రాత్రికి ఎట్లరా ఇప్పేది?"

"నన్ను పిలువు మామా," అన్నాడు సుబ్బరాయులు.