పదునుకు పెట్టిన బొట్టు

పోయినేడు ఒక పొద్దున ఆరింటికి డ్యూటీలో చేరాను. చోటు మా ఊరి పాల కేంద్రం. వడమాలపేట దాటి లోపలికి పోవాలి. ఎదురుగా మామిడి తోపులు, వెనక రాళ్ల గుట్ట. తారు రోడ్డు ఊరికి ముందే ఆగిపోతుంది. తర్వాత అంతా గుంతలే. పుత్తూరులో 108 బండి ఖాళీగా ఉంటే అరగంటలో వస్తుంది. లేకపోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం.

సైన్యంలో నేను వంటవాణ్ణి. మంచు కొండల మీద స్ట్రెచర్ మోసేవాళ్లు చాలకపోతే నా చేత కూడా మోయించారు. అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను, మీసం నెరిసే వయసులో. రిటైరయ్యాక ఇది నా చివరి పోస్టింగ్. జీతం లేదు, యూనిఫాం లేదు.

శ్రీ సిటీ వైపు ఫ్యాక్టరీ వాళ్లు మా ఊరికొక యంత్రం ఇచ్చారు. గుండె లయ తప్పి మనిషి పడిపోతే షాక్ ఇచ్చే యంత్రం. అన్నం క్యారియరంత పెట్టె. లోపల రెండు తెల్లటి ప్యాడ్లు, ఒక వైపు జిగురు. రొమ్ముకు అతికిస్తే గుండె ఎలా కొట్టుకుంటోందో అదే చూస్తుంది, ఏం చేయాలో హిందీలో చెబుతుంది. తెలుగు దానికి రాదు. హిందీ నాకు వచ్చు కాబట్టి నన్ను పెద్దను చేశారు. వాలంటీర్లం ముగ్గురం. నేను, ఆటో డ్రైవరు, పాల కేంద్రం నడిపే ఆమె. రెండు పూటలా తెరిచి ఉండేది ఆ కేంద్రమే. అందుకని పెట్టెను దాని గోడకే తగిలించాం.

శిక్షణ ఒక్క రోజు. శిక్షణ ఇచ్చినాయన అదనంగా ఉన్న ప్యాడ్ల జత కవరు చించి చూపించాడు. ఇంకో జత పంపిస్తామన్నాడు. రాలేదు. ఆర్డరు ఇంతే: రోజూ పచ్చ దీపం వెలుగుతోందో లేదో చూడాలి, పెట్టె ఊరికే తెరవకూడదు.

పాల కేంద్రం ఆమె పెట్టెను రోజూ గుడ్డ పెట్టి తుడిచేది. మొగుడు పాలు కొలుస్తూ నవ్వేవాడు.

"మిలిట్రీ అన్నా, నన్నెప్పుడన్నా ఇట్ల తుడిసిందేమో అడుగు."

"నువ్వు నీళ్లు పోసుకుంటే కదా తుడిసేది" అనేది ఆమె.

ఆయుధ పూజకు నేను ఊళ్లో లేను. తిరుపతిలో కంటి ఆపరేషన్. తిరిగొచ్చేసరికి తూకం మిషనుకు, ఆటోకు, కొడవళ్లకు, అన్నిటికీ గంధం, కుంకుమ. మా పెట్టెకు కూడా. దీపం పచ్చగానే ఉంది. ఆర్డరు ప్రకారం తెరవలేదు.

"అన్నిటికీ బొట్టు పెట్టిందన్నా" అన్నాడు మొగుడు. "నాకొక్కడికే పెట్టలే."

"నువ్వేం పని సేస్తావని పెట్టేది?"

తర్వాత ఎండాకాలం వచ్చింది. ఒక రోజు పొద్దున పాల వేళకు ఆటో డ్రైవరు ఫోన్ చేశాడు.

"అన్నా, యాడుండావు?"

"ఇంట్లో."

"పాల కేంద్రం కాడికి రా. ఆయమ్మ మొగుడు పడిపోయినాడు. ఊపిరి లేదు."

"రొమ్ము నొక్కతాండావా?"

"నొక్కతానే ఉండా. నువ్వు బిన్నా రా."

"ఆపొద్దు."

పరిగెత్తాను. క్యాను దొర్లి పాలు నేలంతా పారాయి. డ్రైవరు మోకాళ్ల మీద ఉన్నాడు, మోకాళ్లు పాలలో ఉన్నాయి. చొక్కా చించేశారు. 108కి చెప్పారు. పుత్తూరు బండి వేరే కేసుకు పోయింది, తిరుపతి నుంచి ఇంకొకటి రావాలి. ఆమె పెట్టె దించి తెరిచి పెట్టింది.

ప్యాడ్ల కవరు చేతికి తీసుకున్నాను. ముందే కత్తిరించి, మడిచి, టేపు వేసి ఉంది. లోపల ప్యాడ్ల వీపున గంధం, నడుమ కుంకుమ బొట్టు. రెండో వైపు జిగురు గాలి తగిలి అప్పడంలా ఎండిపోయింది. పచ్చ దీపానికి బ్యాటరీ సంగతే తెలుసు, జిగురు సంగతి తెలియదు.

"ఎవురు తెరిసినారిది?"

"నేనే అన్నా. పూజకు." ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. "కొడవలికి పిడి మీద పెడతామా బొట్టు? పదును మీద కదా. దీంట్లో పని సేసేది అవే అని నువ్వే సెప్తివి."

మాట్లాడే టైం లేదు. రొమ్ము తుడిచి అతికించాను. నిలవలేదు. తడి గుడ్డతో జిగురు తడిపి మళ్లీ పెట్టాను. యంత్రం హిందీలో ఒకే మాట చెబుతోంది.

"ఏమంటాండాదన్నా?"

"అంటుకోలేదంటాండాది."

"గట్టిగా అదుము."

"అదిమినా."

ఆమె నన్ను పక్కకు నెట్టింది. ఒక్కో ప్యాడ్ మీద ఒక్కో అరచెయ్యి వేసి, ఒళ్లంతా బరువు పెట్టి అదిమింది. షాక్ వచ్చేదైతే చేతులు తియ్యమని నేను అరవాలి. అరవాల్సిన పని రాలేదు. యంత్రం మళ్లీ అదే మాట చెప్పింది.

డ్రైవరూ నేనూ మార్చి మార్చి నొక్కాం. బండి వచ్చేసరికి ఎండ అరుగు దాకా వచ్చింది. పాలు విరిగి ఈగలు ముసిరాయి. బండిలో వచ్చినాయన తన యంత్రం పెట్టి చూశాడు. "లేదు పెద్దాయనా, చేతులు తీసెయ్యండి" అన్నాడు.

పెట్టెను కొత్త ప్యాడ్ల కోసం తిరుపతికి పంపాం. గోడకు మేకులు మిగిలాయి.

"వస్తాదా అన్నా?" అని డ్రైవరు కొన్నాళ్లు అడిగాడు.

"రాదు."

తర్వాత అడగడం మానేశాడు. నా డ్యూటీ అయిపోయింది. ఇంటికొచ్చేశాను. ఇప్పుడు మా ఊళ్లో ఎవరి గుండె ఆగినా ఆగినట్టే.

ఆమె ఒక్కసారే అడిగింది. పాలు కొలుస్తూ, తల ఎత్తకుండా.

"అవి అంటుకొనుంటే బతికేవాడా అన్నా?"

"తెలీదమ్మా. ఆ మిషన్ను గుండె సూడనియ్యలేదు కదా మనం."

ఆమె తల ఊపి తర్వాతి క్యాను అందుకుంది. ఈసారి ఆయుధ పూజకు కేంద్రంలో ఒక్క మిషనుకూ బొట్టు పెట్టలేదు.

మంచులో నేను మోసిన మనుషుల ముఖాలు చాలా మరిచిపోయాను. ఇదొక్కటి పోవడం లేదు. తనకొక్కడికే పెట్టలేదని నవ్విన మనిషి రొమ్ము మీద రెండు బొట్లు. ఆమె చేతులు తీసినప్పుడు ఆ కుంకుమ ఆమె అరచేతులకు అంటుకుని ఉంది.