ప్రిన్స్ ఒంటికి రాసిన మందు

మా చిన్నప్పుడు... ఓ చలికాలం పొద్దున మా నాన్న, అదే బాపు, సైకిల్ ముందు బుట్టలో ఓ కుక్కను కూర్చోబెట్టుకుని మరాఠీ గడ్డ మీది బొగ్గు గనుల ఊరు దుర్గాపూర్‌లోని మా క్వార్టర్‌కి వచ్చాడు. దానికి ఎర్ర స్వెట్టర్! నాకే లేదు అంత మంచి స్వెట్టర్...

కేబుల్ టీవీ వైర్లు అప్పుడప్పుడే మా కాలనీ గోడల మీదికి పాకుతున్న రోజులవి. బాపు గని వర్క్‌షాప్‌లో ఫిట్టర్. కొత్త యంత్రాలు బిగించడానికి బొంబాయి నుంచి వచ్చిన ఇంజినీరు సారు, చెల్లెలి పెళ్లికని నెల రోజులు సెలవు పెట్టి వెళ్తూ కుక్కను బాపు చేతిలో పెట్టాడు. అంతమందిలో తననే నమ్మాడని బాపుకు కాలు నేల మీద నిలవలేదు.

స్వెట్టర్ విప్పగానే మేమంతా వెనక్కి జరిగాం. ఒంటి మీద వెంట్రుక అన్నదే లేదు... నెత్తిన మాత్రం నాలుగు పోచలు. బూడిదరంగు తోలు, దాని మీద గులాబీ మచ్చలు, నిక్కబొడుచుకున్న పెద్ద చెవులు, సగం పళ్లు లేని నోరు. పేరు ప్రిన్స్ అట! నాకు నవ్వాగలేదు.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "అయ్యో, గిదేందిరా? ఒళ్లంత ఊడిపోయింది! గంత పెద్ద సారు, గజ్జికి మందు రాపియ్యలేకపోయిండా?"

"ఊకో అవ్వా... సారు చెవిన పడ్తె బాగుండదు" అన్నాడు బాపు. "ఎండల ఇడ్వద్దన్నడు. రోజు కొబ్బరినూనె రాయమన్నడు."

ఇంకేం... నూనె రాయమన్నాడంటే రోగమే కదా! మేం కాకు అని పిలిచే పక్క క్వార్టర్ మరాఠీ పిన్ని కూడా తొంగిచూసి "అగ బాఈ, ఖరూజ్!" అని ముక్కు మూసుకుంది. గజ్జేనని తేలిపోయింది. కుక్కను తీసుకునేటప్పుడే దీనికి ఏమైందని సారును అడగాల్సింది. కానీ పెద్ద సారు కుక్కకు వంక పెట్టినట్టుంటుందని బాపు నోరు మెదపలేదు. అప్పట్లో పై ఆఫీసరు ఏది చెప్పినా "హా సాబ్" అనడమే మా ఇంటి మర్యాద.

ప్రిన్స్ మొరిగేది కాదు. కొత్తవాళ్లొస్తే మంచం కిందికి దూరేది. నాలుగు రోజుల్లోనే నాయనమ్మకు అతుక్కుపోయింది... ఆమె పెడితేనే తినేది, రాత్రి ఆమె బొంతలోనే పడుకునేది. దాని ఒళ్లు ఎప్పుడూ అప్పుడే పెనం మీంచి దించిన రొట్టెలా వెచ్చగా ఉండేది. "పానం పెట్టే జీవి... నేనే నయం చేస్త దీన్ని" అంది నాయనమ్మ.

మా కాలనీలో ఏ కుక్కకు గజ్జి పట్టినా ఒకటే మందు. గనిలో బొగ్గు మోసే డంపర్ లారీల్లోంచి తీసేసిన కాలిన ఆయిల్‌లో గంధకం కలిపి ఒళ్లంతా పట్టించి, ఎండలో కట్టేయడం. బాపే డబ్బాలో ఆయిల్ తెచ్చాడు. నేను కాళ్లు పట్టుకున్నాను, నాయనమ్మ రాసింది. సారు ఎండ వద్దన్నా, ఎండ తగలందే మందు పనిచేయదని ఎండలోనే కట్టేశాం. ప్రిన్స్ వణికింది, సన్నగా ఏడ్చింది... కానీ కరవలేదు.

తోలు ఎర్రబడి, పొక్కులు లేచి, పొరలు పొరలుగా ఊడిపోసాగింది. గజ్జి ఊడిపోతోందని మేం సంబరపడ్డాం! మళ్లీ రాశాం. వెంట్రుకలు మొలుస్తున్నాయేమోనని నాయనమ్మ రోజూ పొద్దున్నే దాని వీపు నిమిరి చూసేది.

సారు తిరిగొచ్చిన రోజు తిన్నగా మా ఇంటికే వచ్చాడు, చేతిలో సంత్రా బర్ఫీ డబ్బాతో. నాయనమ్మ ప్రిన్స్‌ను ఎత్తుకుని ఎదురెళ్లింది. "జర ఓపిక పట్టు బిడ్డా... ఇంకొన్ని దినాలైతే బొచ్చు వస్తది."

ఆ మాట బాపు హిందీలో చెప్పాడు. సారు కుక్కను చూసి అలాగే నిలబడిపోయాడు. అరవలేదు. చాలా మెల్లగా అన్నాడు... దానికి ఏ రోగమూ లేదని, ఆ జాతే అంతని, దాని తల్లికీ వెంట్రుకలు లేవని, ఎండ తగిలితే కాలిపోతుందనే కొబ్బరినూనె చెప్పానని.

బాపు తలెత్తలేదు. నాకు భూమి చీలితే లోపలికి దూకేద్దామనిపించింది. నాయనమ్మ కుక్కను సారుకు అందించి, ఆయిల్ వాసన పోని చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. తిట్టినా బాగుండేది... బర్ఫీ డబ్బా అరుగు మీద పెట్టి వెనక్కి తిరిగాడాయన.

ప్రిన్స్ మాత్రం సారు చేతుల్లోంచి గింజుకుని కిందికి దూకింది. గుమ్మం దాకా వచ్చి నాయనమ్మ కొంగులోకి మూతి దూర్చి, దాచుకున్న ఆ చేతులనే వెతికి నాకింది.

దాని పుండ్లు మానాయని తర్వాత బాపు చెప్పాడు. మా సిగ్గు మాత్రం మానలేదు.

ఇప్పుడు ఏ కుక్కదైనా సరే, పుట్టుపూర్వోత్తరాలన్నీ ఫోన్ క్షణంలో చెప్పేస్తుంది. అప్పుడు మాకు ఫోన్ లేదు నిజమే... నోరు ఉంది కదా. ఒక్క మాట అడిగితే సరిపోయేది.

ప్రేమతోనే చేసి, తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకునే పని మీ ఇంట్లోనూ జరిగిందా? చెప్పండి... నేనైతే నవ్వను.