పట్టుపురుగుల షెడ్డులో పాట

కుప్పం బస్టాండులో బ్లీచింగ్ పౌడర్ వాసన తగలగానే పుంగనూరు దగ్గర మా పట్టుపురుగుల షెడ్డు గుర్తొచ్చింది. ఒక పంట అయిపోయాక బ్లీచింగ్ చల్లి ఖాళీగా ఉంచిన ఆ షెడ్డులోనే అక్కవాళ్ల రాక్ బ్యాండు పాట రికార్డు చేసింది. కిటికీలకు బొంతలు కట్టి, తలుపు మూసి, ఫ్యాను ఆపేశారు.

"కదలగాకు పాపా, మైకులో పడతాది," అంది అక్క.

కంప్యూటర్‌లోంచి డ్యాన్సు దరువు మొదలైంది. దబదబమనేది నా గుండే అనుకుని, చెమటలు కారుతున్నా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"నా గుండె గూడా పడిండాదా అక్కా?" అని పాటయ్యాక అడిగితే అందరూ నవ్వారు.

బ్యాండుకు పేరు తెచ్చింది ఆ పాటే. ఇన్నేళ్లైనా మదనపల్లెలో గానీ బెంగళూరులో గానీ జనం అక్కను ఇంకో పాట పాడనివ్వరు. నేను ఆ సాయంత్రమే షెడ్డులోంచి బయటికొచ్చాను. అక్క ఇంకా రాలేదు.