మా రూతుకు గుర్తున్న క్రిస్మస్ ఇల్లు

మా చిన్నప్పుడు క్రిస్మస్ వచ్చిందంటే ఇల్లంతా తడిమట్టి వాసనే... అమ్మ కొంగు నడుముకు దోపి, ఎర్రమట్టిలో పేడ కలిపి గోడలు అలుకుతుంటే, నేనూ మా చెల్లి రూతూ మోచేతుల దాకా మట్టి పూసుకుని అడ్డం పడేవాళ్ళం.

మొన్న మా మనవరాలు బజారు నుంచి ఎండుగడ్డి దండలు, గోనెసంచి రంగు రిబ్బన్లు కొనుక్కొచ్చింది. "నేచురల్ డెకరేషన్ అమ్మమ్మా, ఇప్పుడిదే ఫ్యాషన్" అంది. ఓసి నీ పాడుగాను, గడ్డిని కూడా కొంటారా! మా ఇంట్లో గడ్డీ మట్టీ తప్ప ఇంకేముండేది?

మాది మిర్యాలగూడకూ నేరేడుచర్లకూ నడుమ ఊరు. నాయిన పొలం కూలికి పోయేవాడు. వరికోతలు అయ్యాక మడిలో రాలిన కంకులు ఏరుకొస్తే, నాయనమ్మ వాటిని జడలాగా అల్లి కుచ్చులు చేసేది. చూరు పొడవునా అవి వేలాడదీస్తే పిచ్చుకలు వచ్చి ఒకటే గోల. ఎర్రటి గోడలకు తెల్లటి సున్నం అంచు... ఇక చుక్క, అదే క్రిస్మస్ నక్షత్రం, దాని సంగతి చెప్పాలి. జొన్నదంటు లోపలి తెల్లటి బెండును ముక్కలు కోసి, తుమ్మముళ్ళతో గుచ్చి నాయిన చేసేవాడు. దాన్ని దూలానికి కట్టేదాకా రూతు ఆయన కాళ్ళు వదిలేది కాదు.

నైజాం పోయిన యేడు... రూతుకు అప్పుడు ఐదారేళ్ళు. కోతలయ్యాయి, చుక్క తయారైంది, అమ్మ ఒక గోడ అలికి రెండో గోడ సగం దాకా వచ్చింది. అప్పుడు దానికి జ్వరం తగిలింది. చూస్తుండగానే ఒళ్ళంతా పొక్కులు. నాయనమ్మ దాని అంగీ ఎత్తి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మవారు... అదే, మశూచి. ఇప్పటి పిల్లలకు తెలియదు, ఆ పేరు చెబితే ఊళ్ళు వణికేవి.

నాయనమ్మ వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టేసింది. అమ్మ చేతిలోంచి అలుకుగుడ్డ లాక్కుంది.

"ఇగ బంద్ జెయ్యి. తల్లి ఇంట్ల ఉన్నప్పుడు అలుకుడు, సున్నాలు, పండుగలు ఉంటయా?"

మా అమ్మ పుట్టిల్లు కోదాడ. మాట తీరు వేరు. "ఏంటత్తమ్మా ఇది? మనం బాప్తిస్మం తీసుకున్నోళ్ళం కదా! గుమ్మానికి వేపమండలేంటి?"

"నేను దీస్కోలేదా బాప్తిస్మం? దేవుడు నాకు గూడ దేవుడే. గానీ ఏం జేస్తే పిల్ల బతుకుతదో నీకెరుకనా? నాకైతే ఎరుకలేదు. జర ఆగు బిడ్డా, నీకు దండం బెడ్త."

అమ్మ చేతుల మట్టి కడుక్కుంది. పాపం, అమ్మకైనా ఏం తెలుసు... సూర్యాపేట దవాఖానకు తీసుకుపోదామని నాయిన బండి కోసం ఊరంతా తిరిగాడు. అమ్మవారు పోసిన పిల్లకు బండి ఎవరిస్తారు? తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అంతటి మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటే నాకు భయమేసింది. చుక్కను మా అమ్మే అటక మీద పెట్టేసింది. సగం అలికిన గోడ అట్లాగే ఎండిపోయింది.

పండగ పొద్దున పాటలు పాడేవాళ్ళు మా వాకిలి దాకా వచ్చారు. వేపమండలు చూసి కంచె అవతలే ఆగిపోయారు. అక్కడే నిలబడి ఒక పాట పాడి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టను... వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలున్నారు.

ఆ పాటకు రూతు కదిలింది. కళ్ళు రెండూ వాచి మూసుకుపోయి ఉన్నాయి.

"అమ్మా... పండుగొచ్చిందా?"

"వచ్చింది తల్లీ."

"సుక్క గట్టిండ్రా?"

మా అమ్మ చిన్న అబద్ధం ఆడినా మా వీపులు వాయించే మనిషి. నా వైపు చూసింది. నాయనమ్మ వైపు చూసింది.

"కట్టాం. మీ నాయిన దూలానికి కట్టాడు. గాలికి గిర్రున తిరుగుతోంది."

"సున్నం ఏసిండ్రా?"

"వేశాం. అంచులు ఈసారి ఎంత బాగా కుదిరాయో!"

"మరి కుచ్చులు?"

 ఈసారి నాయనమ్మ అందుకుంది... అన్నీ వద్దన్న మా నాయనమ్మే. "సూరు పొడుగు గట్టినం బిడ్డా. పిట్టలొచ్చినయి. ఇనవడ్తలేదా?"

రూతు కాసేపు చెవి ఒగ్గి వింది.

"ఇనవడ్తున్నయి" అంది.

మా చూరుకు ఒక్క కంకి లేదు. ఒక్క పిచ్చుక రాలేదు. నాయిన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"అన్ని అట్లనే ఉంచుండ్రి. కండ్లు తెరిచినంక జూస్త" అంది రూతు.

బతికింది. అదే పదివేలు అన్నారు అందరూ. కళ్ళు కూడా తెరిచింది... చూపు మాత్రం రాలేదు. వేపమండలు కాపాడాయని నాయనమ్మ గానీ, ప్రార్థన కాపాడిందని అమ్మ గానీ ఒక్కనాడూ అనలేదు. ఇద్దరూ దాన్ని చెరో చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు.

రూతు ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటుంది. క్రిస్మస్ వస్తే పొద్దున్నే ఫోన్ చేస్తుంది. "అక్కా, ఆ యేడు ఉన్నట్టు మన ఇల్లు ఇంకెన్నడు ఉండకపాయె. సుక్క తిరుగుడు, పిట్టల సప్పుడు... యాదికున్నదా నీకు?"

"ఎందుకు లేదే, అంతా యాదికున్నది" అంటాను. ఇంకేమనను?

అంతకుముందు నిజంగా కళ్ళతో చూసిన పండగలు ఒక్కటీ దానికి గుర్తు లేవు. దాని మనవలకు కూడా ఆ ఇంటి ముచ్చటే చెబుతుంది. అమ్మ, నాయిన, నాయనమ్మ అందరూ పోయారు... ఆ ఇల్లు ఎట్లా ఉండిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఇప్పుడు మశూచి లేదు, మట్టిగోడలు లేవు, చూరు కింద పిచ్చుకలూ లేవు. మీ ఇళ్ళలో పండగకు ఏమేం కట్టేవాళ్ళో మీరూ రాయండి, తీరిగ్గా చదువుకుంటాను... కానీ ఒక్క మాట. మిర్యాలగూడలో మా రూతును ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ పోస్టు మాత్రం దానికి చదివి వినిపించకండి.